సముద్రం దగ్గర పాత ఇల్లు: కొనేముందు ఏమేం చూపించుకోవాలి?

గవ్వలపేరు:
సముద్రానికి నాలుగు వందల మీటర్ల దూరంలో ఒక డాబా ఇల్లు చూశాం. కట్టి 24 ఏళ్లయిందట. ఏడాది పొడవునా ఉక్కపోత ఉండే చోటు, వానలూ ఎక్కువే. ఇంటికి కొత్తగా రంగులు వేయించారు, లోపల అద్దంలా మెరిసిపోతోంది. వెనక కిటికీ సన్‌షేడ్ అడుగున మాత్రం వెంట్రుకంత బీట, దాని పక్కనే గోధుమరంగు మరక కనిపించాయి. అడిగితే పాత వాన చారిక అన్నారు. ఇంజనీరును తీసుకెళ్దామనుకుంటున్నాం కానీ ఆయన్ని ఏం చూడమనాలో మాకు తెలియదు. అమ్మానాన్నల కోసం కొనే ఇల్లు, అందుకే భయంగా ఉంది.

సుత్తిదెబ్బ:
ఆ మరకను వదలకండి. పద్దెనిమిదేళ్లుగా తీరంలో ఇళ్ల మరమ్మతులే నా పని. బీట కడ్డీ వెంబడే తిన్నగా పోతూ పక్కన గోధుమ మరక ఉంటే, ముందు లోపలి ఇనుమునే అనుమానించాలి. కాంక్రీటులోని క్షారం వల్ల కడ్డీ మీద సన్నటి పొర ఏర్పడి దాన్ని కాపాడుతుంది. ఉప్పుగాలి తెచ్చే క్లోరైడు ఏళ్ల తరబడి లోపలికి ఇంకి ఆ పొరను చెడగొడుతుంది. ఇనుము తుప్పుగా మారితే రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. పెచ్చులూడేది ఆ ఒత్తిడికే.

సన్‌షేడ్లు, బాల్కనీ అడుగు, స్తంభాల అంచులు, బాత్రూం పైకప్పు అన్నీ చిన్న సుత్తితో తట్టించండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. ఒక ఇంట్లో ఇలాగే కొత్త రంగు, ఎక్కడా బీట లేదు. బాత్రూంలో తట్టగానే అరచేయంత పెచ్చు ఊడి నా భుజం మీద పడింది. లోపల 8 మిల్లీమీటర్ల కడ్డీ సగానికి సగం సన్నబడి ఉంది, గోటితో గీకితే పొరలు పొరలుగా రాలింది. ఆ కిందే రోజూ పిల్లలు స్నానం చేసేవారు. అప్పటి నుంచి కొత్త రంగు కనిపిస్తే మరింత సేపు చూస్తాను.

అనుమానం ఉన్నచోట హాఫ్ సెల్ పరీక్ష చేయించండి, అంటే లోపలి కడ్డీకి తుప్పు పడుతోందో లేదో వోల్టేజీ కొలిచి అంచనా వేసే పరీక్ష. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో కొలిచినప్పుడు రీడింగు మైనస్ 350 మిల్లీవోల్టులు దాటి కిందికి పోతే, అక్కడ తుప్పు నడుస్తూ ఉండే అవకాశం 90 శాతం పైనే. కొందరు క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ ద్రవం చల్లి, గులాబీ రంగు వచ్చింది కాబట్టి పర్వాలేదంటారు. అది క్షారం మిగిలి ఉందని మాత్రమే చెబుతుంది, ఉప్పు సంగతి చెప్పదు. సముద్రం పక్కన దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. వేర్వేరు లోతుల్లో కాంక్రీటు పొడి తీయించి క్లోరైడు ఎంతుందో ల్యాబ్‌లో చూపించాలి.

వానచినుకు:
మేము ఎండాకాలంలో చూసి కొన్నాం, అదే పొరపాటు. గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి. డాబా మీద నీళ్లు ఎక్కడ నిలిచాయో, పిట్టగోడ మొదట్లో చెమ్మ ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. అల్మారాలు గోడ నుంచి జరిపించి వెనక చూడండి, మాకు బూజంతా అక్కడే దొరికింది. ద్వారబంధాల అడుగున సన్నటి మట్టి దారులుంటే చెదలే. చెక్కను స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి.

దీపస్తంభం:
కరెంటు సంగతి మరవకండి. మీటరు పెట్టె, ఎర్తింగ్ తీగ బిగింపులు తెరిపించండి, ఉప్పుగాలికి పచ్చటి చిలుము పట్టి వదులవుతాయి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే సరఫరా ఆపేసే స్విచ్చు) 30 మిల్లీ ఆంపియర్లదేనా అని చూసి, టెస్ట్ బటన్ నొక్కించండి.

గవ్వలపేరు:
అందరికీ ధన్యవాదాలండీ. ఎక్కడా పగలగొట్టనివ్వమని ఇంటివాళ్లు అంటే ఏం చేయాలి?

సుత్తిదెబ్బ:
సుత్తితో తట్టడానికి, కవర్ మీటరుతో కడ్డీ ఎంత లోతులో ఉందో చూడటానికి ఏదీ పగలగొట్టక్కర్లేదు. హాఫ్ సెల్‌కు మాత్రం ఒకచోట కడ్డీ బయటికి కనిపించాలి. ఆ మరక దగ్గరే కొద్దిగా తెరిపించి, తిరిగి పూడ్చి రంగు వేసే ఖర్చు మేమే పెట్టుకుంటామనండి. దానికీ ఒప్పుకోకపోతే, నేనైతే మా అమ్మను ఆ ఇంట్లో ఉంచను.