బడికెళ్లే పాపని ముందు ఫాస్టర్ కేర్‌లో పెంచి చూడాలా, నేరుగా దత్తత తీసుకోవాలా?

గోదారి గట్టు:
ఆయనకి 49, నాకు 45. రెండూ కలిపితే 94. నాలుగేళ్ల లోపు బిడ్డకి దంపతుల వయసు కలిపి 90 దాటకూడదని కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నిబంధన, కాబట్టి పసిబిడ్డ మాట లేదు. నాకైతే మొదట్నుంచీ ఏడెనిమిదేళ్ల పాపే కావాలని ఉంది. ఇంతలో మా ఆడపడుచు 2024 ఫాస్టర్ కేర్ (దత్తత కాకుండా, బిడ్డని కొంతకాలం మన ఇంట్లో పెంచే పద్ధతి) మార్గదర్శకాలు పట్టుకొచ్చింది. "రెండేళ్లు పెంచాక దత్తత తీసుకోవచ్చట, మునుపు అయిదేళ్లుండేది. ముందు చూసుకోండి వదినా, తొందరెందుకు?" అంటోంది. మా ఆయనకీ అదే సబబనిపిస్తోంది. నాకు మనసొప్పట్లేదు. కుదరకపోతే తీసుకెళ్లి దింపేసి వస్తామా?

సిద్దిపేట సార్:
మీ ఆడపడుచు చెప్పిన దాంట్ల తప్పేం లేదమ్మా. బాలసదనం పిల్లలు మా బడికే వస్తరు, రోజూ చూస్త. ఎనిమిదేండ్ల పిల్లంటే అప్పటికే ఆమెకో ఊరుంటది, యాసుంటది, దోస్తులుంటరు. కొత్తల అమ్మా అమ్మా అని చుట్టూ తిరుగుతరు. తర్వాత మొదలైతది: అబద్ధాలు, అన్నం దాచుకునుడు, పక్క తడుపుడు. దానికి మీ ఇద్దరికీ ఓపిక ఉందో లేదో ఇప్పుడు మీకే తెల్వదు. ఆవేశంల తెచ్చుకొని తర్వాత తల పట్టుకునే కన్నా ముందే తెలుసుకునుడు మంచిది గదా.

నెల్లూరు నాన్న:
సార్, ఆ పిల్లలు అట్టా ఎందుకు చేస్తారో కూడా చెప్పండి మరి. వీళ్లు నన్ను ఉంచుకుంటారా, పంపేస్తారా అని చూస్తారు. మేం ఏడేళ్ల బాబుని నేరుగా దత్తత తీసుకున్నాం. బడి సంచీలో చపాతీలు దాచేవాడు. "నన్ను ఎప్పుడు పంపేస్తారు?" అని మాత్రం మా ఆవిడని ఎన్నిసార్లు అడిగాడో. కలెక్టరు గారి దత్తత ఆర్డర్ తీసి చూపించా. నాకో జిరాక్స్ తీయించి ఇయ్యి అన్నాడు! ఫాస్టర్‌లో ఉన్న పిల్లకి మీరేం కాగితం చూపిస్తారు?

లా చదివినోడు:
ఒకే పిల్లని తెచ్చుకోడానికి రెండు దారులున్నట్టు మాట్లాడుతున్నారు అందరూ. అలా కాదు. బాలల సంక్షేమ కమిటీ చట్టప్రకారం దత్తతకి అర్హులని ప్రకటించిన పిల్లలే కారా పోర్టల్లో ఉంటారు. హోమ్‌లలో ఉండే బడి వయసు పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. ఫాస్టర్‌కి వచ్చే పిల్ల అలాంటిదైతే, కన్నవాళ్లు కుదుటపడ్డాక కమిటీ ఆ పిల్లని వాళ్ల దగ్గరికి పంపొచ్చు. పథకం ఉద్దేశంలో అదీ ఒక భాగమే, మోసమేమీ కాదు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర బాలల పథకం కింద నెలకి 4000 రూపాయలిచ్చేది పిల్లని సాకడానికి, మీకు హక్కు రాసివ్వడానికి కాదు.

ఇక దత్తతలోనూ అన్నీ గుడ్డిగా జరగవు. 2022 సెప్టెంబరు నుంచి కోర్టు బదులు కలెక్టరే ఆర్డర్ ఇస్తున్నారు. అది చేతికొచ్చేలోపే పిల్ల మీ ఇంట్లో ఉంటుంది. అయిదేళ్లు దాటితే పిల్ల ఒప్పుకోలు తప్పనిసరి. తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూసిపోతారు.

సిద్దిపేట సార్:
ఒప్పుకోలు మంచిదే. గని హోమ్‌ల పెరిగిన పిల్ల, ఎదురుంగ అంతమంది పెద్దోళ్లు కూసుంటే, వద్దు అనగలుగుతదా? అందుకే టైమ్ కావాలంటున్న. ఆ టైమ్ పిల్లకు గూడ కావాలె. దాన్ని పిల్లకు పెట్టే పరీక్ష లెక్క ఎందుకు చూస్తున్నరు?

నెల్లూరు నాన్న:
పరిచయానికి టైమ్ కావాలి, ఒప్పుకుంటా. కానీ రెండేళ్లా? మూడో తరగతిలో వచ్చిన పాప అయిదో తరగతి దాకా తన ఇంటిపేరేందో తెలీకుండా ఉండాలా?

గోదారి గట్టు:
లా చదివినోడు గారి పోస్టు మా ఆడపడుచుకి చదివి వినిపించాను. "అయితే ఫాస్టర్ నీకు పడదు వదినా, వాళ్లమ్మొచ్చి తీసుకెళ్తే నువ్వు తట్టుకోలేవు" అంది. నిజమే. కారాలో రిజిస్టర్ చేసుకుంటున్నాం. మా ఆయన పూర్తిగా మెత్తబడలేదు. హోమ్ స్టడీకి (దత్తతకి ముందు ఇల్లూ మనుషుల్నీ చూసి మాట్లాడ్డానికి) వచ్చినప్పుడు ఆ భయమేదో దాచకుండా చెప్పమన్నాను. సార్, అన్నం దాచుకునే పిల్లలకి మీ బడిలో ఏం చేస్తారు?

సిద్దిపేట సార్:
తిట్టం, సంచి వెతకం. బిస్కెట్లో పండ్లో వాళ్ల చేతికందే కాడ పెడ్తం, అడగకుండ తీసుకోవచ్చని చెప్తం. కొందరికి తొందరగ పోతది, కొందరికి పోదు. ఫాస్టర్ సంగతిల మాత్రం నా మాట మారలే అమ్మా.