మనవాడి మీద జోకు పడినా నవ్వగలమా?

ఎర్రబస్సు:
2025 మార్చిలో, శివసేనను చీల్చి ఉద్ధవ్ ఠాక్రే నుంచి విడిపోయిన ఏక్‌నాథ్ షిండే పేరెత్తకుండానే "గద్దార్" (ద్రోహి) అంటూ స్టాండప్ కమెడియన్ కునాల్ కామ్రా పేరడీ పాడాడు. షిండే శివసేన కార్యకర్తలు ఆ షో జరిగిన ముంబై స్టూడియోని ధ్వంసం చేశారు. మర్నాడే కార్పొరేషన్ సిబ్బంది సుత్తులతో దిగారు. ఉద్ధవ్ వర్గం కామ్రా వైపు నిలబడింది. బాగానే ఉంది. మరి 2020లో కంగనా ఆఫీసు కూల్చినప్పుడు ఆ కార్పొరేషన్ ఎవరి చేతిలో ఉంది? అది దురుద్దేశంతో చేసిన పని అని బాంబే హైకోర్టే తేల్చింది. ఇంకా తమాషా ఏంటంటే, శివసేన పెట్టిన బాల్ ఠాక్రే స్వయానా కార్టూనిస్టు! 1960లో 'మార్మిక్' అనే కార్టూన్ల పత్రికతోనే ఆయన కథ మొదలైంది.

మన సంగతికొద్దాం. తెలుగు టీవీలో అధికారంలో ఉన్నవాడి మీద దమ్మున్న కామెడీ ఎందుకు కనపడదు? తప్పు నాయకులదా, ఛానెళ్ళదా, మనదా? నా ఓటు మాత్రం మన మీదే. మన పార్టీ మీద జోకు పడితే కుట్ర, అవతలి పార్టీ మీద పడితే కళ.

రిమోట్ రాణి:
జనం మీదకి తోసేయడం తేలికండీ. ముందు ఛానెళ్ళను అడగండి. 'జబర్దస్త్' 2013లో మొదలైంది. జడ్జి సీట్లలో రోజా, నాగబాబు. 2019 ఎన్నికల్లో ఆవిడ వైసీపీ తరఫున నగరిలో గెలిచారు, ఈయన జనసేన తరఫున నరసాపురం ఎంపీగా పోటీ చేసి ఓడిపోయారు. బయట రెండు పార్టీల వాళ్ళూ తిట్టుకుంటున్నారు, లోపల వీళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని పగలబడి నవ్వుతున్నారు. అలా నవ్వడం తప్పని నేననను, నిజానికి ముచ్చటగానే ఉండేది. కానీ దేని మీద నవ్వారో చూడండి. పెళ్ళాం మీద, అత్త మీద, నల్లగా ఉన్నవాడి మీద, ఆడవేషం వేసిన మగాడి మీద. ఎదురుగా ఇద్దరు రాజకీయ నాయకులే ఉన్నారు కదా, ఎన్నికల హామీల మీద వారానికో స్కిట్ వేస్తే ఎంత బాగుండేది! వెయ్యరు. తిరిగి కొట్టలేనివాణ్ణి చూసి నవ్వితే ఖర్చు లేదు మరి.

ఓరుగల్లు కుర్రోడు:
అక్కా, ఆ చివరి మాట మీదే నాదొక పాయింట్. 2014 జూన్‌లో తెలంగాణ ఎమ్మెల్యేల ప్రమాణ స్వీకారం మీద టీవీ9 ఒక వ్యంగ్య కార్యక్రమం వేసింది. దాని మీద పెద్ద గొడవైంది, కేబుల్ ఆపరేటర్లు టీవీ9ని, ఏబీఎన్‌ని ఆపేశారు. అందరూ దాన్ని భావప్రకటన స్వేచ్ఛ కథగానే చెప్తారు. మా వైపు నుంచి చూడండి. ఏళ్ళ తరబడి సినిమాల్లో మా యాస మాట్లాడేది రౌడీ, లేకపోతే కమెడియన్. రాష్ట్రం వచ్చిన నెలలోనే మళ్ళీ మా మీదే వెటకారమా? అధికారం మీద వేసిన జోకు వేరు, మనిషి పుట్టుక మీద, మాట మీద వేసిన జోకు వేరు.

వ్యంగ్యం మాకు పడదని కాదు. వి6లో 'తీన్మార్' వార్తలు, బిత్తిరి సత్తి వస్తుంటే మా ఇంట్ల టీవీ ముందు జాగ దొరికేది కాదు.

రిమోట్ రాణి:
తీన్మార్ నాకూ ఇష్టమే తమ్ముడూ. కానీ ఆ ఛానెల్ వివేక్ వెంకటస్వామి కుటుంబానిది. ఆయనిప్పుడు మంత్రి. అదే ప్రోగ్రామ్‌తో పేరొచ్చిన మల్లన్న 2024లో కాంగ్రెస్ టికెట్ మీద ఎమ్మెల్సీ అయ్యాడు, ఏడాది తిరక్కుండానే సస్పెండయ్యాడు. మన దగ్గర వ్యంగ్యం కూడా టికెట్ దాకా వెళ్ళే బస్సే.

కేబుల్ బాబాయ్:
ఓరుగల్లు బాబూ, నీ బాధ నిజమే. కోపమొస్తే కేసు వేయాలి, జవాబుగా ఇంకో ప్రోగ్రామ్ చెయ్యాలి. వైరు పీకడం ఏంటి? ఒకసారి ఆ దారి తెలిసిపోయాక అందరూ అదే పట్టారు. 2019లో ప్రభుత్వం మారాక ఆంధ్రాలో ఏబీఎన్, టీవీ5 పోయాయి. 2024లో మళ్ళీ మారింది, ఈసారి సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ మాయం. ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది టీవీ9 ఇవ్వమని. మూడుసార్లూ ఏలేవాళ్ళ మాట ఒక్కటే: "మాకేం సంబంధం లేదు, ఆపరేటర్ల ఇష్టం."

ఈ ఇష్టం ఎలా పుడుతుందో ఈ లైన్లో ఉన్నవాళ్ళకి తెలుసు. మా వైర్లు వెళ్ళేది కరెంటు స్తంభాల మీద. స్తంభాలెవరివి? కాగితం మీద ఆర్డర్ ఎవరూ ఇవ్వరు, ఇచ్చే అవసరమూ లేదు. ఇక ఇంత పెట్టుబడి పెట్టిన ఛానెల్ వాడు ఒక కమెడియన్ కోసం సిగ్నల్ పోగొట్టుకుంటాడా? 2014లో ఏడ్చినవాళ్ళు 2019లో నవ్వారు, 2019లో ఏడ్చినవాళ్ళు 2024లో నవ్వారు. ఎర్రబస్సు చెప్పిన కార్పొరేషన్ సుత్తి ముంబైలో ఉంటే, మన దగ్గర కటింగ్ ప్లేయర్.

సైలెంట్ రీడర్:
చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఒక్కటి చెప్పి పోతా. 2025 ఫిబ్రవరిలో ఒక సినిమా వేడుకలో కమెడియన్ పృథ్వీ "మొదట 150 మేకలు, చివరికి 11" అన్నాడు. 151 సీట్ల నుంచి 11కి పడిన వైసీపీకి అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. బాయ్‌కాట్ అన్నారు. ఆ మాట అనని హీరో క్షమాపణ చెప్పుకున్నాడు. ఇంతకీ ఈ పృథ్వీ ఒకప్పుడు వైసీపీయే, ఆ ప్రభుత్వంలోనే టీటీడీ భక్తి ఛానెల్ ఎస్వీబీసీకి ఛైర్మన్. మేకల లెక్క అప్పుడు వెయ్యలేదే!

ఓరుగల్లు కుర్రోడు:
అంటే జోకు మంచిదే, చెప్పినోడే కరెక్టు కాదంటవా?

సైలెంట్ రీడర్:
జోకు బాగుంది. నేను నవ్వాను కూడా. ఓడిపోయినవాడి మీద ఎవడైనా వేస్తాడు, గెలిచి కూర్చున్నవాడి మీద వెయ్యమను అంటున్నా.

ఎర్రబస్సు:
బాబాయ్, మీ స్తంభాల సంగతి విన్నాక సగం ఒప్పుకుంటున్నా. అయినా స్తంభాలు అడ్డంరాని చోట మనమేం చేస్తున్నాం? యూట్యూబ్‌లో కుర్రాళ్ళు నాయకుల మీద మంచి స్కిట్లు వేస్తున్నారు. కింద కామెంట్లు చూడండి. మొదటి ప్రశ్న "నీ కులమేంటి", రెండోది "ఎంత ముట్టింది". స్కిట్‌లో తప్పుందా లేదా అని అడిగేవాడు దొరకడు.

రిమోట్ రాణి:
సరే ఎర్రబస్సు గారూ, మీరు ఏ పార్టీయో మీ పాత పోస్టులు చదివిన అందరికీ తెలుసు. మీ నాయకుడి మీద మీకు బాగా నచ్చిన జోకొకటి ఇక్కడ చెప్పండి. కేబుల్ లేదు, ఛానెల్ లేదు, అసలు పేరు కూడా లేదు.

ఎర్రబస్సు:
ఉందండీ, బ్రహ్మాండమైనది ఉంది. కానీ మా బావమరిది కూడా ఇది చదువుతాడు. వాడు మా మండల అధ్యక్షుడు.