బే ఆఫ్ పిగ్స్: రెండో వైమానిక దాడిని ఆపకపోతే ఫలితం మారేదా?

గోదారిగట్టు: క్యూబా పాలకుడు కాస్ట్రోను కూల్చడానికి 1961 ఏప్రిల్ 17న ఆ దేశపు బే ఆఫ్ పిగ్స్ తీరంలో దిగిన 2506 బ్రిగేడ్ అనే దళంలో సుమారు 1,400 మంది ప్రవాస క్యూబన్లున్నారు. వారిని గ్వాటెమాలాలో తర్ఫీదు చేసింది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ. 15న జరిగిన బాంబు దాడిలో కాస్ట్రో విమానాలు కొన్ని మిగిలిపోగా, వాటి పని పట్టవలసిన రెండో దాడిని 16 రాత్రి అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ ఆపించారు. ఆ మిగిలిన విమానాలే మరునాడు మందుగుండు తెచ్చిన రియో ఎస్కొండిడో నౌకను ముంచాయి. ఓటమికి వేరే కారణం వెతకనక్కరలేదు.

పాతపటం: విమానాలన్నీ కాలిపోయాయనే అనుకుందాం. తరువాత ఆ 1,400 మంది ఎక్కడికి వెళ్లేవారు? మొదటి పథకం ప్రకారం క్యూబాలోని ట్రినిడాడ్ పట్టణం దగ్గర దిగి, ఎదురుదెబ్బ తగిలితే ఎస్కాంబ్రే కొండలెక్కాలి. అమెరికా హస్తం కనబడకూడదని చోటు మార్చాక ఆ కొండలు దాదాపు 80 మైళ్ల దూరమయ్యాయి. మధ్యలో ఉన్నది జపాటా చిత్తడి.

నిశాచరుడు: శిక్షణ శిబిరం సంగతి జనవరిలోనే న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చింది. ఇక దాచింది ఎవరి నుంచి?

గోదారిగట్టు: చిత్తడి సంగతి తరువాత, రెండో దాడి గురించి చెప్పండి. మమ్మల్ని సమ్మెకు దింపిన నాయకులు రాత్రికి రాత్రి యాజమాన్యంతో రాజీపడితే, గేటు బయట ఆరు నెలలు జీతం లేకుండా నిలబడినవాణ్ణి నేను. ముందుకు తోసి వెనక్కి తగ్గడమంటే ఏమిటో నాకు పుస్తకాలు చెప్పనక్కరలేదు.

పాతపటం: మీ కష్టానికి విచారిస్తున్నాను, కానీ మీ సమ్మె మీ కర్మాగారంలో మీరు చేసుకున్నది. ఇక్కడ కూలి ఇచ్చినవాడు, పడవ ఇచ్చినవాడు, చోటు నిర్ణయించినవాడు ఒక్కడే. ప్రజలు తిరగబడతారన్నారు, తిరగబడ్డారా?

గోదారిగట్టు: తిరగబడగలవారిని వేల సంఖ్యలో ముందే నిర్బంధించి, ప్రజలు తిరగబడలేదనడం ఏం న్యాయం? ఆ ప్రవాసులందరూ కాస్ట్రో కూలదోసిన నియంత బటిస్టా మనుషులేనన్నట్టు మాట్లాడకండి. బ్రిగేడ్ నాయకుల్లో ఒకడైన మాన్యువల్ ఆర్టీమే ఒకప్పుడు కాస్ట్రో పక్షాన ఉన్నవాడే. సొంత దేశానికి ఆయుధంతో తిరిగివెళ్లే హక్కు వారికి లేదని మీరంటున్నారు, ఆ మాట సూటిగా అనండి!

పాతపటం: అంటున్నాను. పొరుగు రాజ్యం డబ్బుతో వెళ్లే హక్కు లేదు. ఫలితం చూడండి: సీఐఏ అధిపతి డల్లెస్, ఈ పథకం నడిపిన అధికారి బిస్సెల్ పదవులు పోయాయి, పట్టుబడిన 1,113 మందిని 1962 డిసెంబరులో 5.3 కోట్ల డాలర్ల ఆహారం, మందులిచ్చి విడిపించుకోవలసి వచ్చింది. అంతకు రెండు నెలల ముందే సోవియట్ క్షిపణులు క్యూబాలో బయటపడ్డాయి. కాస్ట్రోకు ఇంతకంటే మేలు ఆయన మిత్రులు కూడా చేయలేదు.

నిశాచరుడు: చర్చ హక్కుల మీదికి మళ్లింది కనుక శీర్షిక మార్చమంటారా?

గోదారిగట్టు: వద్దు. రెండో దాడి సంగతికి ఇంకా జవాబు రాలేదు.