పిట్యూటరీ దగ్గర రాత్కే సిస్ట్: ఆపరేషన్ లేకుండా ఉండొచ్చా?

జాజిపూలు
తలనొప్పి తగ్గట్లేదని మావారికి ఎంఆర్ఐ తీయించాం. పిట్యూటరీ (మెదడు కింద హార్మోన్లు తయారుచేసే చిన్న గ్రంథి) దగ్గర 6 మి.మీ. రాత్కే క్లెఫ్ట్ సిస్ట్ అని రిపోర్టు. డాక్టరుగారు "ఇది కేన్సర్ కాదు, ఏడాదికి మళ్లీ స్కాన్ చేద్దాం" అని పంపేశారు. తలలో గడ్డ పెట్టుకుని ఊరికే ఎలా కూర్చుంటారని అత్తయ్యగారి గోల. ఎవరికైనా ఇలా ఉందా?

ఓరుగల్లు పోరడు
నాకుంది అక్కా. టెన్షన్ వద్దు. కడుపులో ఉన్నప్పుడు మూసుకుపోవాల్సిన చిన్న సంచి మిగిలిపోయి, అందులో ద్రవం చేరుతుందట. రాత్కే అంటే 1838లో ఆ సంచి గురించి రాసిన జర్మన్ శాస్త్రవేత్త, రోగం పేరు కాదు. నాది ఏళ్లుగా అంతే ఉంది. పాత స్కాన్ సీడీలు మాత్రం పారేయకండి, సైజు పోల్చాలంటే అవే కావాలి.

సాగరతీరం
నాది అలా ఊరుకోలేదు. బండి నడుపుతుంటే పక్కనుంచి వచ్చేవాళ్లు కనిపించేవాళ్లు కాదు. అద్దాల నంబరు సరిగానే ఉందన్నారు. ఫీల్డ్ టెస్ట్‌లో (పక్కలకి ఎంతవరకు కనిపిస్తుందో చూసే పరీక్ష) రెండు కళ్లకీ బయటివైపు చూపు తగ్గిందని తేలింది. సిస్ట్ పైకి పెరిగి కంటి నరాలను నొక్కుతోందట. ముక్కులోంచి ఎండోస్కోపీతో ద్రవం తీశారు. చూపు చాలావరకు తిరిగొచ్చింది.

తర్వాతి రోజులే కష్టం. ఆగని దాహం, గంటగంటకూ మూత్రం. మూత్రం తగ్గించే డెస్మోప్రెసిన్ మందు ఇచ్చాక సర్దుకుంది. కొన్నాళ్లు ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. ముక్కులోంచి నీళ్లలా కారితే జలుబనుకోకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి, మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. ఇది మళ్లీ నిండే రకం కాబట్టి నాకు స్కాన్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

గోదారమ్మాయి
సైజు సరే, హార్మోన్లు చూశారా? అసలు అడగాల్సింది అది. రక్తంలో పొద్దున 8 గంటల కార్టిసాల్, ప్రొలాక్టిన్, మగవాళ్లకి టెస్టోస్టిరాన్, టీఎస్‌హెచ్‌తో (థైరాయిడ్‌ని నడిపించే పిట్యూటరీ హార్మోన్) పాటు ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్). తేడా పిట్యూటరీలో ఉంటే టీ4 తగ్గినా టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనిపించొచ్చు, నాకు అదే జరిగింది. కార్టిసాల్ కూడా తక్కువ రావడంతో ముందు ఆ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర ఇచ్చారు. ఆ వరస తప్పితే ప్రమాదమట. ఎండోక్రైనాలజిస్టుకి (హార్మోన్ల డాక్టరు) ఒకసారి చూపించండి.

పచ్చిమిర్చి
మా ఊళ్లో పసరు మందుతో కరిగిస్తారు, నంబరు కావాలా?

సాగరతీరం
వద్దు బాబూ. సిస్ట్ కరగదు, డబ్బు కరుగుతుంది.

జాజిపూలు
అందరికీ థాంక్సండీ. తలనొప్పి దీనివల్లేనా మరి? రేపు పొద్దున్నే రక్తం ఇస్తున్నాం, పరగడుపున వెళ్లాలా?

గోదారమ్మాయి
ఇంత చిన్నదైతే మైగ్రేన్ కూడా కావచ్చు, అది విడిగా అడగండి. పరగడుపునే వెళ్లండి. జుట్టుకని బయోటిన్ వాడుతున్నా, మోకాలికి స్టెరాయిడ్ సూది వేయించుకున్నా ముందే చెప్పండి, రిపోర్టు తారుమారవుతుంది.