కోట కేకు బురుజులు నిలబడటం లేదు, పైగా మే నెల ఎండలో పరకాల దాకా తీసుకెళ్లాలి

కత్తెరమ్మ, హన్మకొండ:

అందరికీ నమస్తే. వచ్చే ఆదివారం మా పాపకు అయిదేళ్లు నిండుతాయి. సెలవులకు ముందు ఎవరి పుట్టినరోజులోనో కోట కేకు చూసొచ్చింది. ఇక అప్పటి నుంచి ఒకటే పాట, గులాబీ రంగు కోట కావాలట, దానికి తలుపు కూడా ఉండాలట. ఒక బేకరీలో అడిగితే నాలుగున్నర వేలు అన్నారు. మూడు కిలోలకు తక్కువ చేయరట. అంత డబ్బు పెట్టడం ఎందుకు, నేనే చేస్తానని నోరు జారాను.

నేను బ్లౌజులు కుడతాను. కొలత పెట్టి కోయడం, అతకడం నా పనే కదా, కేకు ఎంత అనుకున్నాను. మొన్న ట్రయల్ వేశాను. ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్‌లో, ఎనిమిది అంగుళాల చదరం కేకు బాగానే వచ్చింది. బురుజుల కోసం ఇంకో కేకును స్టీలు గ్లాసుతో గుండ్రంగా కోసి, అయిదు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యలో విప్పింగ్ క్రీమ్ రాసి, పైన ఐస్‌క్రీమ్ కోను బోర్లించాను. ఇరవై నిమిషాలు నిలబడింది. ఫ్యాను వేసినా వంటింట్లో ఉడుకే. మొదట క్రీమ్ మెరిసింది, తర్వాత కిందకు జారింది, ఆ తర్వాత బురుజు మెల్లగా పక్కకు ఒరిగి సింకులో పడింది. మా మామయ్య వచ్చి చూసి "ఇది కోటనా, కూలిన బావినా?" అని అడిగి, ఒక ముక్క తిని వెళ్లిపోయారు.

బురుజులు నిలబడాలంటే ఏం చేయాలి? ఈ ఎండకు ఏ క్రీమ్ ఆగుతుంది? ఫంక్షన్ మా అమ్మగారింట్లో, పరకాలలో. కారులో గంట ప్రయాణం. పిల్లలు పదిహేను మంది, పెద్దవాళ్లు పది మంది దాకా ఉంటారు. చాలా టెన్షన్‌గా ఉంది.

కాజీపేట కేకులక్క:

చెల్లె, ముందు ఆ విప్పింగ్ క్రీమ్ పక్కన పెట్టు. ఏసీ హాల్లో కోసే కేకుకు అది బాగుంటుంది. మే నెలలో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఇంట్లో, దాన్ని నమ్ముకోవద్దు. ఏడేళ్లుగా ఇంట్లో కేకులు చేస్తున్నాను, ఎండాకాలం ఆర్డరుకు నేను గనాష్ తప్ప వేరేది వాడను. గనాష్ అంటే పెద్ద విద్యేం కాదు, వేడి క్రీమ్‌లో చాక్లెట్ కరిగించడమే. డార్క్ అయితే రెండు వంతుల చాక్లెట్‌కు ఒక వంతు క్రీమ్. వైట్ అయితే మూడు వంతులకు ఒక వంతు. నీకు గులాబీ రంగు కావాలి కాబట్టి వైటే. తొమ్మిది వందల గ్రాముల వైట్ కాంపౌండ్ చాక్లెట్, మూడు వందల మిల్లీలీటర్ల ఫ్రెష్ క్రీమ్ తీసుకో. క్రీమ్ అంచుల దగ్గర బుడగలు రాగానే దింపి, తురిమిన చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలు ముట్టుకోకుండా ఉంచి తర్వాత కలుపు. జెల్ కలరే వెయ్యి, అదీ చిటికెడు. రాత్రంతా మూత పెట్టి వదిలేస్తే పొద్దున్నకు వేరుసెనగ చట్నీ అంత గట్టిగా అవుతుంది, అప్పుడు రాయి.

ఇక బురుజులు. అసలు తప్పు అక్కడ జరిగింది. బురుజును కేకుతో కట్టకూడదు. పిల్లలు తినేది గోడలను, బురుజును చూస్తారు అంతే. ఫాయిల్ చుట్ట అయిపోయాక మిగిలే అట్ట గొట్టం ఉంటుంది చూడు, దాన్ని కోసి, చుట్టూ కొత్త ఫాయిల్ చుట్టి, దాని మీద ఫాండెంట్, అంటే చక్కెర ముద్దను రొట్టెలా వత్తి, అతికించు. దాన్ని కేకు మీద కాదు, కేకు మూల పక్కన బోర్డు మీదే నిలబెట్టు. బరువు బోర్డు మీద పడుతుంది, కేకు మీద కాదు. కోనును లోపల కరిగిన చాక్లెట్‌తో పూసి ఆరబెట్టు, లేకపోతే తడికి మెత్తబడుతుంది. దాన్ని పరకాల చేరాకే పెట్టు.

మధ్యలో చిన్న అంతస్తు పెడతావా? అయిదు అంగుళాల కేకు చాలు. దాని కింద పలుచని అట్ట, ఆ అట్ట కింద, కింది కేకులో గుచ్చిన లావు స్ట్రాలు నాలుగు. కింది కేకు ఎత్తు ఎంతో అంతే పొడవు, నాలుగూ సమానంగా. ఇది నీకు నేను చెప్పనక్కర్లేదు, టేపు నీ మెడలోనే ఉంటుంది.

మట్టికోట తమ్ముడు, ఖిలా వరంగల్:

అక్కా, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. కేకు చేయడం నాకు రాదు, కోట గురించి మాత్రం కొంచెం తెలుసు, ఇల్లు అక్కడే కాబట్టి. ఆ గుండ్రటి బురుజులు, మొన దేలిన టోపీలు బయటి దేశాల కోటలవి. మన ఓరుగల్లు రాతికోట బురుజులు చదరపువి, మొత్తం 45. టోపీలు లేవు, కోన్లు లేవు. మీకే పని తక్కువ.

పైగా బయటి నుంచి లోపలికి వరుస చూడండి: ముందు మట్టికోట, తర్వాత కందకం, ఆ తర్వాత రాతికోట. గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తి చేసింది. రాళ్ల మధ్య సున్నం లేదు, రాయి మీద రాయే. మట్టికోటకు చాక్లెట్ కేకు పొడి, కందకానికి నీలం జెల్లీ. నాలుగు దిక్కులా దర్వాజాలు. లోపల కీర్తి తోరణం. అదే, మన రాష్ట్ర చిహ్నంలో చార్మినార్‌తో పాటు కనిపించేది.

దర్వాజాలో ఇంకో చమత్కారం ఉంది. తిన్నగా లోపలికి పోలేం, మలుపు తిరగాలి. శత్రువు ఏనుగును పరుగెత్తించి తలుపు పగలగొట్టకుండా. కేకులో అది చూపించలేరు లెండి.

బఠాణీ:

తమ్మీ, అయిదేళ్ల పిల్ల గులాబీ కోట అడిగితే నువ్వు ఏనుగుల దాడి చెబుతున్నావు. రాతి రంగు కేకు ముందు పెడితే ఫంక్షన్‌లో ఏడుపే. మా పొల్లగానికి జేసీబీ అడిగితే ట్రాక్టర్ చేయించాను. ఫొటోలన్నింట్లో వాడి మొహం నాకింకా గుర్తుంది.

కత్తెరమ్మ, హన్మకొండ:

కేకులక్కా, మీరు చెప్పింది చదివాక ప్రాణం కుదుటపడింది. తమ్ముడూ, చదరపు బురుజుల మాట నచ్చింది. పాపను అడిగాను, గోడలు గులాబీ అయితే చాలట, టోపీలు లేకపోయినా పర్వాలేదట. కానీ తోరణం మీద హంసలు ఉంటాయని చెప్పడం నా పొరపాటు. ఇప్పుడు హంసలు తప్పనిసరి. తోరణం దేనితో చేయాలి?

కాజీపేట కేకులక్క:

కాగితం మీద బొమ్మ గీసుకో. దాని మీద బటర్ పేపర్ పరిచి, కరిగిన వైట్ కాంపౌండ్‌ను కోనులో పోసి, గోరింటాకు పెట్టినట్టు గీతల మీద గియ్యి. స్తంభాలు లావుగా ఉండాలి, అడుగున ఒక అంగుళం ఎక్కువ ఉంచు, అది కేకులోకి దిగుతుంది. ఫ్రిజ్‌లో పది నిమిషాలు పెడితే ఊడి వస్తుంది. రెండు చెయ్యి. ఒకటి కచ్చితంగా విరుగుతుంది.

కారులో ఒళ్లో పెట్టుకోవద్దు, సీటు మీదా వద్దు, సీటు వాలుగా ఉంటుంది. కాళ్ల దగ్గర చదునుగా పెట్టు. బయలుదేరే ముందు పావుగంట ఏసీ వేసి ఉంచమను. అక్కడికి చేరాక డబ్బా వెంటనే తెరవకు. చల్లటి కేకుకు వేడిగాలి తగిలితే ఫాండెంట్ మీద చెమట పడుతుంది. డబ్బాలోనే అరగంట ఉండనీ, ఆ చెమట అట్టకు పడుతుంది.

కత్తెరమ్మ, హన్మకొండ:

ఫంక్షన్ అయిపోయింది. అడిగిన వాళ్ల కోసం రాస్తున్నాను.

గనాష్ ఆగింది. మధ్యాహ్నం రెండింటికి బయలుదేరాం, రోడ్డు మీద తారు మెరుస్తోంది, కేకు మాత్రం కదల్లేదు. బురుజులు 45 కాదు, ఎనిమిదే పెట్టాను. వేఫర్ బిస్కెట్లు అడ్డంగా నిలువుగా పేర్చి, గనాష్‌తో అతికించి బోర్డు మీద నిలబెట్టాను. అట్ట గొట్టం గుండ్రంగా ఉంటుంది కదా, అందుకే వాడలేదు.

రాళ్ల గీతలకు మాత్రం నా సొంత తెలివి వాడాను. బట్ట మీద డిజైన్ దించడానికి మా దగ్గర చుట్టూ సూదిపళ్లున్న చిన్న చక్రం ఉంటుంది. కొత్తది కొని, వేడినీళ్లలో కడిగి, స్కేలు ఆనించి గోడల మీద నడిపాను. కుట్టు వేసినట్టు సన్నటి చుక్కల గీత పడింది. అడ్డంగా నాలుగు వరుసలు, నిలువు గీతలు ఒక వరుసలో ఉన్న చోట పై వరుసలో పడకుండా. గనాష్ మరీ మెత్తగా ఉంటే చక్రానికి అంటుకుంటుంది, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీశాక నడపాలి.

తోరణాలు రెండు చేశాను. ఒకటి ఇంట్లోనే విరిగింది, అక్క చెప్పినట్టే. రెండోది గూడెప్పాడ్ దగ్గర స్పీడ్ బ్రేకర్‌కు ఒక హంస తల పోగొట్టుకుంది. కరిగిన చాక్లెట్ చుక్కతో అతికించాను, కొంచెం వెనక్కి చూస్తున్నట్టు అతుక్కుంది. మా మామయ్య ఈసారి బావి అనలేదు. కందకంలో జెల్లీ మొత్తం ఆయనే తిన్నారు.

గోడలు పావుగంటలో అయిపోయాయి. తోరణం మాత్రం పాప ఎవరినీ ముట్టనివ్వలేదు. ఇప్పుడది మా అమ్మ ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన ఉంది. రోజూ ఫోన్ చేసి హంసకు మెడ ఉందా అని అడుగుతోంది.