అప్‌డేట్: అగస్త్య నక్షత్రం కనిపించింది, గంటల లెక్క కూడా తేలింది

ఆకాశం రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది కదా, మరి నక్షత్రానికి ఫిక్స్‌డ్ అడ్రస్ ఎలా ఇస్తారు, అందులో గంటలు నిమిషాలు ఎందుకు అని అడిగాను గుర్తుందా, దాని అప్‌డేట్ ఇది. ఇక్కడ జవాబులిచ్చిన అన్నలు చెప్పిన పాయింటే కీలకం, మన అక్షాంశ రేఖాంశాల్లాంటి గీతలు ఖగోళం (మన చుట్టూ ఊహించుకునే ఆకాశపు గోళం) మీద గీస్తే అవి నక్షత్రాలతో పాటే తిరుగుతాయి, అందుకే అడ్రస్ మారదు. మార్చిలో సూర్యుడు ఖగోళ మధ్యరేఖ (మన భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత) దాటే చోటు సున్నా, అక్కడి నుంచి తూర్పుకి గంటకి 15 డిగ్రీలు, అలా గంటల్లో చెప్పే దూరమే రైట్ అసెన్షన్.

ఫిబ్రవరి మధ్యలో హైదరాబాద్‌లో మా మేడ మీద చెక్ చేశా. అగస్త్యది 6 గంటల 24 నిమిషాలు, సిరియస్‌ది 6 గంటల 45. రాత్రి తొమ్మిది ప్రాంతంలో అగస్త్య సరిగ్గా దక్షిణానికి వచ్చింది, ఇంకో ఇరవై నిమిషాలకి దాని పైన సిరియస్ అదే లైన్లోకి వచ్చింది, ఒళ్ళు పులకరించింది నిజంగా!

దిగంతం నుంచి ఎత్తు కూడా లెక్కతో కలిసింది. అగస్త్య డెక్లినేషన్ (ఖగోళ మధ్యరేఖ నుంచి ఎన్ని డిగ్రీల దూరమో, దక్షిణానికైతే మైనస్) మైనస్ 52.7, మన అక్షాంశం 17.4, మైనస్ గుర్తు వదిలేసి రెండూ కలిపి 90లోంచి తీసేస్తే దాదాపు 20 డిగ్రీలు, చెయ్యి చాచి పిడికిళ్ళతో కొలిస్తే రెండు పిడికిళ్ళు. లండన్‌లో ఉండే మా బావకి మాత్రం ఇది ఎప్పటికీ ఉదయించదు, అక్కడ అక్షాంశం 51.5 కదా, ఇదే లెక్క వేస్తే ఎత్తు సున్నా కంటే తక్కువ వస్తుంది.

నక్షత్రాల చార్టుల మీద 2000 అని ఎందుకుంటుందో కూడా తెలిసింది, భూమి అక్షం బొంగరంలా ఊగుతూ దాదాపు 26 వేల ఏళ్ళకి ఒక చుట్టు తిరుగుతుంది, దాంతో ఆ సున్నా చోటే మెల్లగా జరుగుతుంది, అందుకని ఏ ఏడాది లెక్కో రాస్తారు. ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థాంక్స్.