8 నెలలు, 70 వీడియోలు, 640 సబ్‌స్క్రైబర్లు: ఎక్కడ ఆగిపోతున్నాను?

మిద్దెతోట_కరీంనగర్:
మా మేడ మీద 40 కుండీలు, 12 గ్రో బ్యాగులు ఉన్నాయి. వాటి మీదే యూట్యూబ్ ఛానల్ పెట్టాను. వచ్చిన 640 మందిలో సగం చుట్టాలే అనుకుంటా. కోతి టమాటాలు పీక్కుపోయిన షార్ట్‌ని (నిలువుగా తీసే చిన్న వీడియో) లక్షకు పైగా చూశారు, సబ్‌స్క్రైబ్ చేసింది 90 మంది. పెద్ద వీడియోలు 60 వ్యూస్ దాటట్లేదు. "నీళ్లు మొక్కలకు పోస్తున్నావా, ఫోన్‌కు పోస్తున్నావా" అని ఇంట్లో ఎగతాళి. మీకెలా పెరిగిందో చెప్పండి.

జాకెట్లక్క_రాజమండ్రి:
కోతి కోసం వచ్చినవాళ్లు వంకాయ కోసం ఆగరండీ. నేనూ మొదటి ఏడాదంతా "కొత్త బ్లౌజ్ డిజైన్లు" అని పెట్టాను, ఎవరూ చూడలేదు. ఒకావిడ కామెంట్‌లో "చంక దగ్గర ముడతలు పడుతున్నాయి, ఎందుకు?" అని అడిగింది. మిషన్‌కి ఫోన్ ఆనించి, ముడతలు పడ్డ పాత జాకెట్టే ఒకటి కుట్లు విప్పి, చంక రౌండ్ ఎక్కడ తేడా కొట్టిందో సుద్దతో గీసి చూపించాను. 9 నిమిషాలు. లైటింగ్ లేదు, మధ్యలో కుక్కర్ విజిల్ కూడా పడింది. ఇప్పటికీ కొత్తవాళ్లు ఎక్కువగా ఆ వీడియో పట్టుకునే వస్తున్నారు. అప్పట్నుంచి కామెంట్లన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. ఒకే ప్రశ్న ముగ్గురు అడిగితే దాని మీద వీడియో తీస్తా. టైటిల్ కూడా వాళ్లడిగిన మాటల్లోనే పెడతా.

పాత_టిక్‌టాకర్:
2020 జూన్ 29న టిక్‌టాక్ బ్యాన్ అన్నప్పుడు నాకు 2 లక్షల 30 వేల ఫాలోవర్లు. రెండ్రోజుల్లో అంతా పోయింది. ఇన్‌స్టాలో మళ్లీ మొదలుపెడితే పాతవాళ్లు 4 వేలమంది కూడా రాలేదు. వాళ్లకు నా స్టెప్పులు తెలుసు, నా పేరు తెలీదు. వెతుకుదామన్నా ఏమని వెతుకుతారు? ఒకే పేరు, ఒకే ఫొటో అన్నిచోట్లా పెట్టండి బ్రో.

కోనసీమ_కుర్రోడు:
నేను చేసిన తప్పు మీరు చేయకండి. వాట్సాప్ గ్రూపుల్లో "నువ్వు నాకు చెయ్, నేను నీకు చేస్తా" అని సబ్‌స్క్రైబర్లను 1000 దాటించాను. ఆ రోజు స్వీట్లు కూడా పంచాను. తర్వాతి వీడియోకి 11 వ్యూస్! అది యూట్యూబ్ రూల్స్‌కి విరుద్ధమని కూడా తర్వాతే తెలిసింది. చివరికి ఛానల్ వదిలేసి కొత్తది పెట్టుకున్నా.

లెక్కల_మాస్టారు:
ఒక మాట. యాడ్స్ డబ్బు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 12 నెలల్లో 4000 గంటల వాచ్ టైమ్ కావాలి, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ కావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన టైమ్ ఆ 4000లో కలవదు. అంటే మీ కోతి లక్షమందిని నవ్వించినా అక్కడ మీకు ఒక్క గంట కూడా కలపలేదు. నేను ఏడాదిపాటు ఇది తెలియకుండానే షార్ట్స్ దంచాను.

జాకెట్లక్క_రాజమండ్రి:
కాస్త పెరగ్గానే ప్రమోషన్లు కూడా వస్తాయి, జాగ్రత్త. ఒక హెయిర్ ఆయిల్ వాళ్లు నాలుగు సీసాలు పంపి, నెలరోజులుగా వాడుతున్నట్టు చెప్పమన్నారు. సీసాలు వచ్చి అప్పటికి మూడు రోజులు! తిప్పి పంపేశాను. రేపు నా కొలతలు కూడా నమ్మరు కదా.

డల్లాస్_పద్మ:
నేను చూసేదాన్నే, పెట్టేదాన్ని కాదు. ఇక్కడ కుండీల్లో గోంగూర వేస్తాను. చలి మొదలయ్యేలోపు విత్తనం ఎలా తీసి దాచాలో తెలుగులో చూపించేవాళ్ల కోసం వెతుకుతున్నా. మీ "నా మేడ తోట – పార్ట్ 37"లో అది ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?

మిద్దెతోట_కరీంనగర్:
పద్మగారూ, అది పార్ట్ 22లో ఉంది! ఇప్పుడే టైటిల్ మార్చాను. రాత్రి కూర్చుని పాత కామెంట్లు చదివితే పిండినల్లి (మొక్కలకు తెల్ల పిండిలా పట్టే పురుగు) గురించే 14 మంది అడిగారు. అందరికీ దండం బొమ్మ పెట్టి వదిలేశాను. మందారకు ఇప్పుడు పట్టే ఉంది. రేపు పొద్దున వేపనూనె కొడుతూ తీస్తా.

జాకెట్లక్క_రాజమండ్రి:
తీయండి. కానీ నూనె ఎంతో చెంచాతో కొలిచి చూపించండి, "కొంచెం" అనకండి. కింద మళ్లీ అదే అడుగుతారు.